బీటెక్ సీఎస్ఈ తర్వాత ఏ దారి? అమీర్‌పేట్, ఆన్‌లైన్ కోర్సు, సొంత ప్రిపరేషన్, సర్వీస్ కంపెనీ, ఎంటెక్: ఎవరికి ఏది

సీఎస్ఈ ఫైనల్ ఇయర్ వాళ్లు, పాసవుట్ అయి ఆర్నెల్లో ఏడాదో ఖాళీగా ఉన్నవాళ్లు అడిగేది దాదాపు ఒకటే. కాలేజీలో చదివింది ఇంటర్వ్యూలో పనికి రావట్లేదు, ఇప్పుడు డబ్బు కట్టి ఎక్కడైనా చేరాలా, ఇంట్లో కూర్చుని చదువుకోవాలా, ఎంటెక్ సీటు కోసం గేట్ రాయాలా, వచ్చిన చిన్న ఆఫర్‌లో చేరిపోవాలా అని. బాబాయ్ ఒకటి చెప్తాడు, సీనియర్ ఇంకోటి చెప్తాడు, కోర్సు అమ్మేవాళ్లంతా వంద శాతం ప్లేస్‌మెంట్ అంటారు. నేను కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేస్తున్నాను, సెలెక్ట్ అయినవాళ్లతో తర్వాత అదే టీమ్‌లో పని చేస్తున్నాను కూడా, కాబట్టి ఏ దారిలో వచ్చినవాళ్లకి ఏం వస్తుందో ఏం రాదో దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నా.

లోటు ఏంటి అంటే చాలామంది సిలబస్ పాతది, రియాక్ట్ చెప్పలేదు, క్లౌడ్ చెప్పలేదు అంటారు. అది నిజమే కానీ నా లెక్కలో అది చిన్న భాగం, నేర్చుకోవాలంటే రెండు మూడు నెలల్లో అయిపోతుంది. పెద్ద భాగం వేరే ఉంది. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ మొదట్నుంచి చివరిదాకా మీరొక్కరే రాస్తారు, నలభై యాభై లైన్లు, అవుట్‌పుట్ వస్తే రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకుంటారు, ఎక్స్‌టర్నల్ వచ్చి వైవా అడిగి వెళ్లిపోయాక ఆ కోడ్‌ని మళ్లీ ఎవరూ తెరవరు. కంపెనీలో చేరిన వారంలోనే లక్షల లైన్ల కోడ్ ముందు కూర్చోబెడతారు, రాసినవాళ్లు ఎప్పుడో మానేసి వెళ్లిపోయి ఉంటారు, అందులో ఎక్కడో రెండు లైన్లు మార్చాలి, మీరు మార్చింది ఇంకొకరు చదివి సరే అనాలి, అర్ధరాత్రి అది ఆగిపోతే ఎందుకు ఆగిందో లాగ్స్ (ప్రోగ్రామ్ నడుస్తూ రాసుకునే రికార్డు) చూసి చెప్పాలి. ఇంట్లో నలుగురికి వండటానికీ పెళ్లి వంటశాలలో పదిమందితో కలిసి వెయ్యిమందికి వండటానికీ ఎంత తేడానో అంత తేడా.

ఇది మన జేఎన్టీయూ కాలేజీల సమస్య మాత్రమే అనుకోకండి. అమెరికాలో ఎంఐటీలోనే కమాండ్ లైన్, గిట్ (కోడ్‌లో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే టూల్), డీబగ్గింగ్ లాంటివి ఏ సబ్జెక్టులోనూ విడిగా చెప్పట్లేదని 2020 జనవరిలో ఒక చిన్న కోర్సు పెట్టారు, దాని పేరే మిస్సింగ్ సెమిస్టర్, వీడియోలూ నోట్సూ అన్నీ ఫ్రీగానే ఉన్నాయి. మన దగ్గర దీనికి తోడు ఇంకో రెండు ఉన్నాయి. ఇంజినీరింగ్ సీట్లలో సగానికి పైగా సీఎస్ఈ, దాని అనుబంధ బ్రాంచీలే అయిపోయాయి, సెక్షన్లు పెరిగినంత వేగంగా కోడ్ చదివి తప్పులు చెప్పే లెక్చరర్లు పెరగలేదు. రెండోది మేజర్ ప్రాజెక్టు. నాలుగేళ్లలో నిజంగా పెద్ద కోడ్ రాసే ఒకే ఒక్క అవకాశం అది, దాన్ని అమీర్‌పేట్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కొనుక్కుని డాక్యుమెంటేషన్ ప్రింట్ తీసి ఇచ్చేస్తున్నారు. ఆ కొన్న ప్రాజెక్టే రెజ్యూమెలో పెట్టుకుని వచ్చి, డేటాబేస్‌లో ఏ టేబుల్స్ ఉన్నాయి అంటే చెప్పలేక ఆగిపోయేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లలో తెలివైనవాళ్లు చాలామందే ఉంటారు.

ఎంచుకునే ముందు మీ లోటు ఎక్కడో చూసుకోండి

అన్ని దారులూ ఒకే లోటు పూడ్చవు, అందుకే ముందు ఈ నాలుగు మీ మీదే పరీక్షించుకోండి, ఒక ఆదివారం చాలు.

బేసిక్స్: బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే పేజీ వచ్చేదాకా ఏం జరుగుతుందో ఐదు నిమిషాలు ఆగకుండా చెప్పగలరా? పది లక్షల వరుసలు ఉన్న టేబుల్‌లో క్వెరీ స్లోగా ఉంటే మొదట ఏం చూస్తారు, ఇండెక్స్ పెడితే ఎందుకు స్పీడ్ అవుతుంది, పెట్టినా ఒక్కోసారి ఎందుకు అవ్వదు? ప్రాసెస్‌కి థ్రెడ్‌కి తేడా డెఫినిషన్ అందరూ చెప్తారు, రెండు థ్రెడ్లు ఒకే వేరియబుల్‌ని పెంచుతుంటే లెక్క ఎందుకు తప్పుతుందో చెప్పగలరా?

టూల్స్: మీ సొంత ప్రాజెక్టుని ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో గిట్ క్లోన్ చేసి అరగంటలో రన్ చేయగలరా? మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరు ఒకే చోట మార్చడంతో కోడ్ కలవకపోవడం) వస్తే ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ మొదలెట్టకుండా సరిచేయగలరా? లినక్స్ సర్వర్‌లో ఎక్కించి బయటివాళ్లు వాడేలా చేయగలరా?

ఇంకొకరి కోడ్: గిట్‌హబ్‌లో మీకు తెలిసిన భాషలో ఉన్న మధ్యరకం ప్రాజెక్టు ఒకటి తీసుకుని, లాగిన్ ఎక్కడ జరుగుతుందో, పాస్‌వర్డ్ తప్పైతే వచ్చే మెసేజ్ ఎక్కడ్నుంచి వస్తుందో గంటలో కనిపెట్టగలరా? నా ఉద్దేశంలో నాలుగింటిలో ఇదే ముఖ్యం. ఇప్పుడు ఏఐ టూల్స్ కోడ్ చకచకా రాసిచ్చేస్తున్నాయి, రాసింది చదివి ఇందులో ఇక్కడ తప్పుంది అని పట్టుకోగలిగేవాళ్లే టీమ్‌కి కావాలి, చదవడం రానివాళ్లకి ఆ టూల్ వల్ల లోటు ఇంకా పెరుగుతుంది.

ఆధారం: మీకు వచ్చు అని చెప్పడానికి సర్టిఫికెట్ కాకుండా చూపించగలిగేది ఏదైనా ఉందా? నడుస్తున్న అప్లికేషన్, ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన ప్రాజెక్టు) మెర్జ్ అయిన మార్పు, మీ పనిని చూసిన ఒక మనిషి మాట, ఏదైనా సరే.

వీటితో పాటు రెండు విషయాలు నిజాయితీగా ఒప్పుకోండి. చేతిలో ఎంత డబ్బు, ఎన్ని నెలలు ఉన్నాయి. ఎవరూ అడగకపోతే మీరు రోజూ కూర్చుని చదువుతారా లేదా. ఈ రెండో దాని మీదే సగం నిర్ణయం ఆధారపడి ఉంటుంది.

| దారి | ఖర్చు | బేసిక్స్ | టూల్స్ | ఇంకొకరి కోడ్‌తో పని |
|---|---|---|---|---|
| అమీర్‌పేట్ కోచింగ్ | వేలల్లో, హాస్టల్ అదనం | తక్కువ | బాగుంటుంది | దాదాపు ఉండదు |
| పెద్ద ఫీజు ఆన్‌లైన్ కోర్సు | లక్షల్లో, ఎక్కువగా ఈఎంఐ | మధ్యస్థం | బాగుంటుంది | కోర్సుని బట్టి |
| ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఫ్రీ ఆన్‌లైన్ కోర్సులు) + సొంతంగా | దాదాపు ఫ్రీ | చాలా బాగుంటుంది | మీ మీద ఆధారం | మీ మీద ఆధారం |
| ఓపెన్ సోర్స్, ఇంటర్న్‌షిప్ | ఫ్రీ, కొన్నిచోట్ల వాళ్లే ఇస్తారు | తక్కువ | బాగుంటుంది | ఇదే దాని బలం |
| సర్వీస్ కంపెనీ | జీతం ఇస్తారు | తక్కువ | ప్రాజెక్టుని బట్టి | మొదటి రోజు నుంచే |
| గేట్ రాసి ఎంటెక్ | స్టైపెండ్ వస్తుంది | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్థం | ల్యాబ్‌ని బట్టి |

అమీర్‌పేట్

మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లని తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకది అన్యాయం అనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచో నారాయణపేట నుంచో వచ్చి, కాలేజీలో కంప్యూటర్ ముందు గట్టిగా గంట కూడా కూర్చోనివ్వని చోట చదివి, ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉండి జావా ఫుల్ స్టాక్ (కనిపించే పేజీలూ వెనకుండే సర్వరూ రెండూ) నేర్చుకుని సెటిల్ అయినవాళ్లు నా టీమ్‌లోనే ఉన్నారు. ఇక్కడ మంచి ఏంటంటే రొటీన్. పొద్దున్నే ఏడింటికి క్లాస్, పక్కన రెండొందల మంది అదే పని మీద ఉంటారు, రూమ్‌మేట్ కూడా అదే చదువుతుంటాడు, ఎక్కడ ఏ రిక్రూట్‌మెంట్ డ్రైవ్ ఉందో వాట్సాప్ గ్రూపుల్లో గంటలో తెలిసిపోతుంది. తెలుగులో డౌట్ అడగొచ్చు, ఫీజు కూడా వేలల్లోనే. కాలేజీ ఇవ్వని వాతావరణం అది.

ఇబ్బంది ఏంటంటే చెప్పే పద్ధతి మళ్లీ ల్యాబ్ పద్ధతే. సార్ బోర్డు మీద రాస్తాడు, మీరు నోట్స్‌లో ఎక్కించుకుంటారు, సార్ చేసిన ప్రాజెక్టే బ్యాచ్ మొత్తం చేస్తారు, అందరి రెజ్యూమెలోనూ అదే ఈకామర్స్ అప్లికేషన్ ఉంటుంది. మీ కోడ్ తెరిచి ఇక్కడ ఇలా ఎందుకు రాశావు అని అడిగే మనిషి ఉండడు. అందుకే బేసిక్స్ ఓ మాదిరిగా ఉండి, టూల్స్ రాక, ఒంటరిగా చదవలేనివాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, బేసిక్స్ అసలు లేనివాళ్లకి నాలుగు నెలలు ఫ్రేమ్‌వర్క్ పేర్లు బట్టీ పట్టినట్టు అవుతుంది. చేరితే మాత్రం ఒక పని చేయండి, క్లాస్‌లో చెప్పిన ప్రాజెక్టు పక్కన పెట్టి మీ ఊళ్లో ఎవరికైనా పనికొచ్చేది ఒకటి కట్టండి, ఎరువుల షాపు అప్పుల ఖాతా అయినా సరే, వాళ్లు వాడటం మొదలెట్టి అది పనిచేయట్లేదు ఇది పనిచేయట్లేదు అని ఫోన్ చేస్తారు చూడండి, అప్పుడు నేర్చుకునేది ఏ క్లాసులోనూ ఉండదు.

పెద్ద ఫీజు ఆన్‌లైన్ కోర్సులు

తెలుగులో పాఠాలు చెప్పేవీ ఉన్నాయి, ఇంగ్లీషువీ ఉన్నాయి. కొన్నిటిలో కంటెంట్ నిజంగా బాగుంటుంది, ప్రాక్టీస్ ప్లాట్‌ఫామ్ ఉంటుంది, మెంటర్ ఉంటాడు, మాక్ ఇంటర్వ్యూలు పెడతారు. కానీ ఆ లక్షల్లో మీరు కొనేది కంటెంట్ అనుకుంటే నష్టపోతారు, కంటెంట్ బయట ఫ్రీగా దొరుకుతుంది. మీరు కొనాల్సింది మీ కోడ్ చదివే మనిషిని. వారానికి ఎన్నిసార్లు కంపెనీలో ఉద్యోగం చేస్తున్న ఇంజినీర్ మీ కోడ్ చదివి కామెంట్స్ ఇస్తాడు అని అడగండి, స్పష్టమైన జవాబు వస్తే ఆలోచించండి, ఆటోమేటిక్‌గా టెస్ట్ కేసులు చెక్ చేస్తుంది అంటే అది మామూలు ప్రాక్టీస్ సైట్‌తో సమానం.

ఉద్యోగం చేస్తూ టెస్టింగ్ నుంచో సపోర్ట్ నుంచో డెవలప్‌మెంట్‌కి మారాలనుకునేవాళ్లకి, జీతం వస్తోంది టైమ్ లేదు అనేవాళ్లకి ఇది సరిపోవచ్చు. ఇంట్లో అప్పు చేసి ఫ్రెషర్‌ని చేర్పించడం నేను ఒప్పుకోను.

ఎన్‌పీటీఈఎల్, సొంత చదువు

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడుపుతున్న ఎన్‌పీటీఈఎల్‌ని మన పిల్లలు క్రెడిట్స్ కోసం అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్‌లో వెతుక్కునే చోటులా చూస్తున్నారు, ఇంత మంచి అవకాశాన్ని ఇలా వాడటం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చేరడం ఫ్రీ, వీడియోలు ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి, దాని ఫీజు వెయ్యి రూపాయలు. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకి, 75 శాతం పరీక్షకి. చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ పైథాన్‌లో డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ చెప్పిన కోర్సు ఉంది, ఐఐటీ బాంబే ప్రొఫెసర్ మైథిలి వుటుకూరు చెప్పిన డిజైన్ అండ్ ఇంజినీరింగ్ ఆఫ్ కంప్యూటర్ సిస్టమ్స్ కోర్సు ఉంది. రెండోది ముఖ్యంగా చూడండి, ఓఎస్, నెట్‌వర్క్స్, డేటాబేస్ విడివిడిగా చదివిన సబ్జెక్టులన్నీ ఒక నిజమైన సిస్టమ్‌లో ఎలా కలుస్తాయో చెప్తారు, కాలేజీకీ కంపెనీకీ మధ్య తెగిపోయిన దారం సరిగ్గా అక్కడే ఉంది.

దీనికి కావాల్సింది డబ్బు కాదు, క్రమం. ఒంటరిగా మొదలెట్టి మూడో వారంలో ఆపేసేవాళ్లే ఎక్కువ. అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి చేయండి, ఒకరి కోడ్ ఒకరు చదివి తప్పులు చెప్పుకోండి, మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, అదే రేపు కోడ్ రివ్యూ అంటే. వీడియో చూడటం చదువు అనుకోవద్దు, చూసిన గంటకి రెండు గంటలు కీబోర్డు మీద ఉంటేనే లెక్క.

ఓపెన్ సోర్స్, ఇంటర్న్‌షిప్

పైన చెప్పిన మూడో లోటు, అంటే ఇంకొకరి కోడ్‌తో పని చేయడం, ఉద్యోగం లేకుండా నేర్చుకోవాలంటే నాకు తెలిసి ఇంతకన్నా మంచి దారి లేదు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, 2022 నుంచి విద్యార్థులే అవ్వాలన్న రూల్ తీసేశారు, 18 ఏళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లైతే చాలు, పాసవుట్ అయినవాళ్లూ పెట్టుకోవచ్చు, స్టైపెండ్ ఇస్తారు. కానీ అప్లికేషన్ తెరిచిన రోజు వెళ్లి ప్రపోజల్ రాస్తే రాదు, అంతకు మూడు నాలుగు నెలల ముందే ఆ ప్రాజెక్టులో చిన్న చిన్న బగ్స్ సరిచేస్తూ మెంటర్లకి పరిచయం అయి ఉండాలి. సెలెక్ట్ అవ్వకపోయినా ఆ నాలుగు నెలలు వృథా కావు, ఒక పెద్ద కోడ్‌బేస్ చదవడం వచ్చేస్తుంది, మీ మార్పుని తెలియని మనిషి తిప్పికొడితే దాన్ని సరిచేసి మళ్లీ పంపడం వస్తుంది. మొదట డాక్యుమెంటేషన్‌లో స్పెల్లింగ్ దిద్దడంతో మొదలెట్టినా పర్లేదు, అక్కడే ఆగిపోకండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి స్వేచ్ఛ సంస్థ ఉంది, ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద చాలా ఏళ్లుగా ఇంజినీరింగ్ పిల్లలతో పని చేస్తోంది, హైదరాబాద్ పైథాన్ గ్రూపు మీటప్‌లు ఉంటాయి, వెళ్లి వెనక కూర్చుని విన్నా ఉపయోగమే.

ఇంటర్న్‌షిప్ విషయంలో ఒకటే జాగ్రత్త. మీ దగ్గర డబ్బు తీసుకుని ఇచ్చేది ఇంటర్న్‌షిప్ కాదు, సర్టిఫికెట్ అమ్మకం. చిన్న స్టార్టప్‌లో తక్కువ స్టైపెండ్ అయినా, మీ పని నిజమైన కస్టమర్ దాకా వెళ్తే అది వేల రెట్లు మేలు. పది మంది ఉన్న కంపెనీలో నెల రోజులకే సర్వర్ పాస్‌వర్డ్ చేతికిచ్చి నువ్వే చూసుకో అంటారు, భయమేస్తుంది, నేర్చుకుంటారు.

అయితే బేసిక్స్ వీక్‌గా ఉన్నవాళ్లు నేరుగా ఇక్కడికి వస్తే మునిగిపోతారు. ఓపెన్ సోర్స్‌లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

సర్వీస్ కంపెనీ ఆఫర్

వేరే కంపెనీలకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే సర్వీస్ కంపెనీ నుంచి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ ఉండే ఆఫర్ వస్తే చేరాలా వద్దా అనేది పెద్ద సందేహం. ఫ్రెషర్ జీతాలు ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోవడం అన్యాయమే, మాదాపూర్ చుట్టుపక్కల అద్దెలు అలా ఆగలేదు కదా. అయినా ఇంట్లో పరిస్థితి బాగోకపోతే, చేతిలో వేరే ఆఫర్ లేకపోతే చేరిపోండి అనే చెప్తాను. మొదటి రెండు మూడు నెలలు జీతం ఇచ్చి ట్రైనింగ్ ఇస్తారు, తర్వాత టికెట్లు, రిలీజులు, క్లయింట్ కాల్స్, ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే ఎవరికి చెప్పాలి ఏం రాయాలి, ఇవన్నీ వస్తాయి. వీటిని తక్కువగా చూడకండి, సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే పెద్ద ప్రొడక్ట్ కంపెనీలో అయినా రోజువారీ పని ఇదే.

రిస్క్ అంతా ప్రాజెక్టు కేటాయింపులో ఉంది. ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద నెలలు గడవచ్చు, డెవలప్‌మెంట్ అనుకుని వెళ్తే రాత్రి షిఫ్టు సపోర్ట్ రావచ్చు. సపోర్ట్ వచ్చినా అదే అప్లికేషన్ కోడ్ చూసే యాక్సెస్ అడగండి, రిపీట్ అవుతున్న టికెట్‌కి కారణం మీరే వెతికి డెవలప్‌మెంట్ టీమ్‌కి చూపించండి, అలా లోపలే మారినవాళ్లని చూశాను. ఏడాదిన్నర దాటినా రోజూ ఒకే ఎక్సెల్ షీట్ నింపుతున్నారంటే మాత్రం వెతకడం మొదలెట్టాలి. సైన్ చేసే ముందు సర్వీస్ అగ్రిమెంట్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, చదవండి.

గేట్ రాసి ఎంటెక్, లేదా ఎంఎస్

బేసిక్స్ మీద నిజంగా ఇష్టం ఉండి, కంపైలర్లు, సిస్టమ్స్, మెషిన్ లెర్నింగ్ లోతుగా చేయాలి అనుకునేవాళ్లకి ఎంటెక్ మంచిది. గేట్ స్కోరు మూడేళ్లు పనిచేస్తుంది, ఐఐటీల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీకి పీజీఈఈ అని వేరే ఎంట్రన్స్ ఉంది. గేట్ ప్రిపరేషన్‌లో ఓఎస్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ మళ్లీ మొదట్నుంచి చదవడం వల్ల సీటు రాకపోయినా ఇంటర్వ్యూల్లో తేడా కనిపిస్తుంది. ఉద్యోగం రాలేదు కాబట్టి ఎంటెక్ అనుకుని ఏదో ఒక కాలేజీలో చేరితే మాత్రం అవే ల్యాబులు ఇంకో రెండేళ్లు చేసినట్టే.

అమెరికా ఎంఎస్ గురించి ఎక్కువ చెప్పను. చదువయ్యాక అక్కడ పని చేయనిచ్చే ఓపీటీ ఏడాది, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్) వాళ్లకి ఇంకో 24 నెలలు, ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్‌వన్‌బీకి లాటరీ. అది ముప్పై నలభై లక్షల అప్పు, వీసా రూల్స్ కలిపి తీసుకోవాల్సిన నిర్ణయం, కోడింగ్ రాదు కాబట్టి అక్కడికి వెళ్లి నేర్చుకుంటా అనేది మాత్రం కారణం అవ్వకూడదు.

మీరు ఎవరైతే ఏది

మూడో సంవత్సరంలో ఉన్నవాళ్లకి అన్నిటికన్నా మంచి అవకాశం ఉంది: సెమిస్టర్‌కి ఒక ఎన్‌పీటీఈఎల్ కోర్సు నిజంగా చేయండి, పక్కన ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పట్టుకోండి, మేజర్ ప్రాజెక్టు కొనకండి. బ్యాచ్‌లో నలుగురూ కొందాం అంటే మీరొక్కరైనా వద్దనండి, నలుగురూ ఒకే గిట్ రిపోలో పని చేస్తే చాలు, మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లతో సహా కంపెనీ పని సగం అక్కడే తెలుస్తుంది.

పాసవుట్ అయ్యి, ఇంట్లో ఆర్నెల్లు ఆగగలిగే పరిస్థితి ఉండి, బేసిక్స్ పరీక్షలో తడబడినవాళ్లు మొదటి మూడు నెలలు బేసిక్స్, తర్వాత మూడు నెలలు జావా ఫుల్ స్టాక్ లాంటి ఒక స్టాక్ మీద పెట్టండి. ఒంటరిగా కుదరట్లేదు అంటే ఆ రెండో మూడు నెలలకి అమీర్‌పేట్ వెళ్లండి, తిరగేసి చేయకండి. ఇంట్లో వెంటనే జీతం కావాలి అంటే వచ్చిన ఆఫర్‌లో చేరి, సాయంత్రాలు సొంత చదువు. రెండేళ్ల పైన గ్యాప్ వచ్చినవాళ్లకి సర్టిఫికెట్లు పెద్దగా సాయం చేయవు, చూపించే పని ఒక్కటే చేస్తుంది, కాబట్టి చిన్న స్టార్టప్‌లు, ఓపెన్ సోర్స్ మీదే దృష్టి పెట్టండి.

గ్యాప్ ఉన్నవాళ్లకే ఎక్కువగా కన్సల్టెన్సీల నుంచి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఫోన్లు వస్తాయి, మూడేళ్ల అనుభవం పేపర్లు మేమే ఇస్తాం, జీతం వచ్చాక కట్టు అని. దయచేసి ఒప్పుకోకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ అనే పీఎఫ్ ఖాతా నంబర్‌తో పీఎఫ్ ఏ నెల ఎవరు కట్టారో చూస్తారు, దొరికితే ఆ ఉద్యోగం ఒక్కటే పోదు. దొరక్కపోయినా, మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఇచ్చే పని మొదటి వారంలోనే ఇస్తారు, పక్కవాళ్లకి డబ్బులిచ్చి ఆ పని చేయించుకుంటూ నిద్రలేకుండా బతికేవాళ్లు ఉన్నారు.

డబ్బు కట్టే ముందు

ఏ కోర్సైనా సరే, డెమో క్లాస్‌తో సరిపెట్టుకోకుండా నడుస్తున్న బ్యాచ్‌లో నెల దాటాక ఒక క్లాస్‌లో కూర్చోనివ్వమని అడగండి. పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లు ఎంతమంది, పూర్తి చేసినవాళ్లు ఎంతమంది, ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది అని మూడు అంకెలూ విడివిడిగా అడగండి, గోడ మీద ఫొటోలు చూపిస్తే అవి మూడో అంకెలో కొంత భాగం మాత్రమే. వాళ్లు ఇచ్చిన నంబర్ కాకుండా మీరే లింక్డిన్‌లో ఒక పాత స్టూడెంట్‌ని వెతికి మాట్లాడండి.

ఈఎంఐ అంటే ఆ అప్పు ఎవరిస్తున్నారో చూడండి. చాలాచోట్ల కోర్సువాళ్లు కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ ఇస్తుంది, డబ్బు మొత్తం మొదటే కోర్సువాళ్లకి వెళ్లిపోతుంది, మీకు క్లాసులు నచ్చక రెండో నెలలో మానేసినా కిస్తీ ఆగదు, ఆగితే మీదో మీ నాన్నదో సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకి బ్యాంకులు చూసే మార్కు) పడిపోతుంది. ఉద్యోగం వచ్చాకే కట్టు అనే ఒప్పందంలో ఎంత జీతం దాటితే మొదలవుతుంది, ఐటీ కాకుండా ఏ ఉద్యోగం వచ్చినా కట్టాలా, ఎన్ని ఇంటర్వ్యూలు కాదంటే ఒప్పందం రద్దవుతుంది అన్నవి కాగితం మీద ఉండాలి. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు చదువుకుంటాను అని అడగండి. ఆఫర్ ఈరోజు సాయంత్రం వరకే అంటే అక్కడ చేరకండి.